కిరాయి ఆటగాళ్లా? మన పిల్లలా?

పోయిన నెల గోడపత్రికలో మిత్రులు దింసా గురించీ కాఫీ తోటల గురించీ చక్కగా రాశారు. ఈసారి ఆటల మీద ఎవరైనా రాయండి అని తెలుగు మాస్టారు అడిగితే తరగతిలో ఒక్క చెయ్యి లేవలేదు. ఆడమంటే అందరం ముందుంటాం, రాయమంటే ట్రంకుపెట్టె వెనక దాక్కుంటాం. నేనూ అంతే. అయితే సంక్రాంతి నుంచీ నా మనసులో ఒక ప్రశ్న తిరుగుతోంది. అది మా ఊళ్లో మా పెద్దనాన్న నలుగురిలో నన్నడిగిన ప్రశ్న. ఆ రోజు జవాబు చెప్పలేక తల దించుకున్నాను. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను.

మాది డుంబ్రిగూడ మండలంలో ఒక చిన్న ఊరు. యాభై గడప ఉంటుంది. ఊళ్లో కుర్రాళ్లకి ఒక యువజన సంఘం ఉంది. సంఘం అంటే పెద్ద ఆఫీసు ఏమీ లేదు. ఒక రశీదు పుస్తకం, ఒక బంతి, చింతచెట్టు కింద ఒక బండ. అంతే. వరి కోతలయ్యాక సరిహద్దు దాటి ఒడిశా వైపు ఒక ఊళ్లో ఫుట్‌బాల్ పోటీలు పెడతారు. కోసిన మడిలోనే ఆట. వెదురు గెడలే గోలు స్తంభాలు. మొదటి బహుమతి మేకపోతు, రెండో బహుమతి రెండు కోళ్లు. వినడానికి నవ్వొస్తుంది గానీ ఆ మేకపోతును మెడలో దండ వేసి జీపు మీద ఊళ్లోకి తెస్తే ఉండే గౌరవం వేరు. మా ఊరికి అది ఎప్పుడూ రాలేదు.

ఈసారి ఎలాగైనా తేవాలని సంఘం నిర్ణయించింది. కాఫీ డబ్బులు చేతికొచ్చిన రోజులు. ఇంటింటికీ తిరిగి 14,200 రూపాయలు వసూలు చేశారు. మైదానం నుంచి నలుగురు మంచి ఆటగాళ్లని కిరాయికి తెద్దామన్నారు. ఎవరెవరికి ఇష్టమో చేతులెత్తమన్నారు. నేను కూడా ఎత్తాను. ఆ సంగతి దాచను. బూట్లు వేసుకుని ఆడేవాళ్లని దగ్గరగా చూడాలని నాకూ ఆశ కలిగింది.

ఖర్చు ఇలా అయ్యింది. నలుగురికి మనిషికి 1,500 చొప్పున 6,000. జీపు 3,000. పదకొండు జెర్సీలు 2,800. ఎంట్రీ ఫీజు 1,000. భోజనాలు 1,400. మొత్తం 14,200. రూపాయి మిగల్లేదు.

ఆట మాత్రం బాగా ఆడారు. అబద్ధం చెప్పకూడదు. మొదటి రెండు మ్యాచులు సునాయాసంగా గెలిచాం. సెమీఫైనల్ పెనాల్టీల మీద గెలిచాం. ఊరంతా ఎగిరింది. ఫైనల్ మరుసటి రోజు. ఆ సాయంత్రం నలుగురూ మా అన్న దగ్గరకొచ్చి, "రేపు మాకు వేరే చోట మ్యాచుంది, ముందే ఒప్పుకున్నాం" అన్నారు. మా అన్న బతిమాలాడు. వాళ్లు తప్పుగా ఏమీ మాట్లాడలేదు. డబ్బుకి ఆడేవాడు ఎక్కడ డబ్బుంటే అక్కడికి పోతాడు. ఆఖరి జీపుకి ఎలిపోయారు. వాళ్ల ఒంటి మీదున్న నాలుగు జెర్సీలు కూడా వాళ్లతోనే ఎలిపోయాయి.

ఫైనల్లో ఆ నలుగురి స్థానంలో మేం నలుగురం హాస్టల్ పిల్లలం దిగాం. నాది ఎడమ వైపు బ్యాక్ స్థానం. జెర్సీ లేదు, ఇంటి చొక్కా. నాకు ఎడమ కాలితో బంతి కొట్టడం రాదు. అవతలివాళ్లు అది పది నిమిషాల్లో కనిపెట్టారు. తర్వాత ప్రతి బంతీ నా వైపే వచ్చింది. 5-0 తో ఓడిపోయాం. గట్టు మీద మా చెల్లి నిలబడి, "అన్నా, ఎడం కాలు! ఎడం కాలు!" అని అరుస్తూనే ఉంది. అది ఏడో తరగతి, బాలికల ఆశ్రమ పాఠశాలలో. దానికి రెండు కాళ్లూ వచ్చు. గుడ్డపేలికల బంతితో గోడకేసి కొట్టి కొట్టి నేర్చుకుంది. దానికి ఎవరూ నేర్పలేదు, ఎవరూ చూడనూ లేదు.

మొత్తానికి రెండు కోళ్లు, ఏడు జెర్సీలతో ఇంటికొచ్చాం.

రెండ్రోజుల తర్వాత చింతచెట్టు కింద లెక్కలు చెప్పుకున్నారు. అందరూ ఆ నలుగురినీ తిట్టారు. నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో, లేచి అన్నాను. "ఆ ఆరువేలు పెట్టి మన గుంటలకే ఆట నేర్పిస్తే మూడేళ్లకి మనకే ఒక జట్టు తయారవును కదా" అని. కొందరు తలూపారు. మా పెద్దనాన్న చుట్ట ఆర్పి నన్ను చూశాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే అడిగాడు.

"నువ్వు చెప్పిందీ బాగానే ఉందిరా. మనం పెంచుతాం. ఆడు బాగా ఆడితే విశాఖపట్నమో, పోలీసోళ్లో, రైల్వేవోళ్లో తీసుకుపోతారు. బాగా ఆడకపోతే మనకి పనికిరాడు. మరి మనకేటి మిగుల్తాది?"

నేను ఏమీ చెప్పలేకపోయాను.

హాస్టల్‌కి వచ్చాక ఈ సంగతి మన పీఈటీ మాస్టారికి చెప్పాను. ఆయన నవ్వి, "మీ పెద్దనాన్న అడిగింది చిన్న ప్రశ్న కాదురా, ప్రపంచంలో ప్రతి చిన్న క్లబ్బూ అడుక్కునే ప్రశ్న" అన్నారు. చిన్న క్లబ్బులు పిల్లల అకాడమీ మీద డబ్బు పెట్టాలా, తయారైన ఆటగాళ్లని కొనుక్కోవాలా అన్నది ఇంగ్లండులో, స్పెయిన్‌లో కూడా తెగని వాదమట. ఆయన చెప్పినవీ, నేను లైబ్రరీలో వెతికి చదివినవీ కింద రాస్తున్నాను.

మొదట మన తెలుగువాళ్ల సంగతే. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఆయన ఉండేవారు. స్వతహాగా బడి పంతులు. అందరూ ఆయన్ని రహీం సాబ్ అనేవారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆయనే కోచ్. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. దేశం జట్టుకు కూడా ఆయనే శిక్షణ ఇచ్చారు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. ఈ మధ్య 2024లో ఆయన మీద మైదాన్ అనే హిందీ సినిమా కూడా వచ్చింది.

నాకు నచ్చింది ఈ పతకాల సంగతి కాదు. రహీం గారు చిన్నపిల్లలకు విచిత్రమైన పోటీలు పెట్టేవారట. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ముందుకు తీసుకుపోకూడదు, అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకొక పోటీలో ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలి. అది చదివినప్పుడు నాకు ఫైనల్ మ్యాచే కళ్లముందు కనబడింది. నాలాంటి ఎడమ కాలు రానివాళ్ల కోసం ఎప్పుడో ఒక పంతులు ఆలోచించి పెట్టాడు. దానికి అయిన ఖర్చెంత? ఏమీ లేదు. ఒక బంతి, ఒక నియమం, చూసేందుకు ఒక మనిషి.

ఆ హైదరాబాద్ ఆటలోంచి వచ్చినవాడే తులసీదాస్ బలరాం. 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో బీద ఇంట్లో పుట్టాడు. 1956 ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 బంగారు పతకం జట్టులో ఉన్నాడు. 2023లో కన్నుమూశాడు. అయితే ఆయన 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు వెళ్లిపోయాడు. అంటే మా పెద్దనాన్న చెప్పినట్టే జరిగింది. హైదరాబాద్ పెంచింది, కలకత్తా తీసుకుపోయింది.

ఇక్కడే నేను చాలాసేపు ఆగి ఆలోచించాను. బలరాం వెళ్లిపోయాడు గనక హైదరాబాద్ చచ్చిపోయిందా? లేదు. ఆయన వెళ్లాక కూడా 1957-58లో హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఒకడు వెళ్తే వెనకాల ఇంకొకడు ఉన్నాడు. రహీం గారు 1963లో పోయారు. ఆ తర్వాత మెల్లమెల్లగా ఆ వెలుగు తగ్గింది. పెద్ద క్లబ్బులు ఆటగాళ్లని తీసుకుపోవడం ముందు నుంచీ ఉన్నదే. వెనక నుంచి వచ్చేవాళ్లు తగ్గాకనే ఆ లోటు తెలిసింది. మన ఊటగెడ్డలో నీరు రోజూ కిందికి పోతూనే ఉంటుంది. పోయినందుకు ఊట ఎండదు. పైన కొండ మీద చెట్టు కొట్టేస్తే ఎండుతుంది.

ఇప్పుడు కొనుక్కునే పద్ధతి చూద్దాం. హైదరాబాద్ ఎఫ్.సి. అనే క్లబ్ 2019లో మొదలైంది. మంచి ఆటగాళ్లని తెచ్చుకుంది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల మీద ఓడించి ఐ.ఎస్.ఎల్. కప్ గెలిచింది. పెట్టిన మూడేళ్లకే కప్! మేకపోతు కాదు, పెద్ద కప్పు. కానీ రెండేళ్లు తిరక్కుండానే డబ్బు ఇబ్బంది వచ్చింది. జీతాలు సరిగా అందక ఆటగాళ్లు చాలామంది వెళ్లిపోయారు. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. మా నలుగురు ఆటగాళ్లు ఆఖరి జీపుకి పోయినట్టు ఇక్కడ క్లబ్ మొత్తం పోయింది.

మనకి దగ్గర సంగతి ఇంకొకటి. శ్రీనిధి డెక్కన్ అనే క్లబ్‌కు 2020లో విశాఖపట్నం పేరు మీద ఐ-లీగ్‌లో ఆడే అవకాశం ఇచ్చారు. విశాఖ అంటే మనకు 115 కిలోమీటర్లు. కిరండోల్ ప్యాసింజరు ఎక్కితే చేరిపోవచ్చు. కానీ ఆ క్లబ్ సొంత మైదానంగా హైదరాబాద్‌నే ఎంచుకుంది. 2022-23లో, 2023-24లో రెండుసార్లూ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. విశాఖలో ఆ మ్యాచులు జరిగి ఉంటే మనలో ఎవరో ఒకరం చూసి వచ్చేవాళ్లం కదా అనిపించింది. ఉన్నచోట వేళ్లు దిగకపోతే జట్టు ఎక్కడికైనా పోగలదు.

అయితే అవతలి పక్షం వాదన కూడా చెప్పాలి. లేకపోతే అది వ్యాసం కాదు, ఎన్నికల ఉపన్యాసం అవుతుంది.

లండన్‌లో బ్రెంట్‌ఫర్డ్ అనే చిన్న క్లబ్ ఉంది. చుట్టూ పెద్ద పెద్ద క్లబ్బులు. వీళ్లు చిన్నప్పటి నుంచి పెంచిన పిల్లల్ని పదహారేళ్లు రాగానే పెద్ద క్లబ్బులు కొద్దిపాటి పరిహారం ఇచ్చి తీసుకుపోయేవి. అచ్చం సంతలో షావుకారు పసుపు బేరం చేసినట్టు. విసిగిపోయి 2016లో బ్రెంట్‌ఫర్డ్ తన అకాడమీని మూసేసింది. పెద్ద క్లబ్బులు వద్దని పంపేసిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లని తెచ్చి రెండో జట్టు కట్టింది. 2021లో ఇంగ్లండులో అన్నిటికంటే పై లీగ్‌కు ఎక్కింది. అంటే అకాడమీ లేకుండా కూడా పైకి రావచ్చు. మా పెద్దనాన్నకి ఇది తెలిస్తే నన్ను ఇంకా గట్టిగా అడుగును. కానీ తర్వాత కొన్నేళ్లకి అదే క్లబ్ మళ్లీ పిల్లల అకాడమీ తెరిచింది. మూసినవాళ్లే మళ్లీ తెరిచారంటే అందులో ఏదో ఉండాలి.

అదే ఇంగ్లండులో క్రూ అనే రైల్వే ఊరు ఉంది. రైలు ఇంజన్ల కార్ఖానాల వల్ల పెరిగిన ఊరు. అక్కడి చిన్న క్లబ్ దారి వేరు. పిల్లల్ని బాగా పెంచడం, పెద్ద క్లబ్‌కు మంచి ధరకు పంపడం, ఆ డబ్బుతో మళ్లీ పిల్లల్ని పెంచడం. అక్కడ పెరిగిన డానీ మర్ఫీ 1997లో లివర్‌పూల్‌కు వెళ్లాడు, డీన్ ఆష్టన్ 2005లో నార్విచ్‌కు వెళ్లాడు. వెళ్లిపోతారని వాళ్లు ఏడవలేదు. వెళ్లిపోవడాన్నే పంటగా లెక్క వేసుకున్నారు.

దీనికి ఒక నియమం కూడా ఉందని పీఈటీ మాస్టారు చెప్పారు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా పెట్టిన నియమం. ఒక ఆటగాడిని ఒక దేశపు క్లబ్ నుంచి ఇంకో దేశపు క్లబ్ కొన్నప్పుడు, ఆ ధరలో నూటికి 5 వంతులు తీసి, అతనికి 12 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా ఆట నేర్పిన క్లబ్బులకు పంచాలి. ఉదాహరణకి ధర కోటి రూపాయలు అనుకోండి. పంచేది 5 లక్షలు. 12 నుంచి 15 ఏళ్ల దాకా ఏడాదికి 25,000 చొప్పున, 16 నుంచి 23 దాకా ఏడాదికి 50,000 చొప్పున లెక్క. అంటే చిన్నప్పుడు నాలుగేళ్లు నేర్పిన క్లబ్‌కు లక్ష రూపాయలు వస్తాయి. లెక్కల మాస్టారి దగ్గర సరి చూపించుకున్నాను, తప్పు లేదు.

ఇది చదివి గంతులేశాను. కానీ మాస్టారు వెంటనే నీళ్లు చల్లారు. ఆ డబ్బు రావాలంటే క్లబ్ సంఘంలో నమోదై ఉండాలి, పిల్లవాడి పేరు ఏ ఏడాది ఎక్కడ ఆడాడో కాగితం మీద ఉండాలి. మా సంఘానికి రశీదు పుస్తకం తప్ప ఏ కాగితమూ లేదు. మన వాళ్లు తాతల నాటి నుంచి పోడు చేసిన భూమికి పట్టా లేకపోతే ఏమవుతుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆట కూడా అంతే. పెంచినది మనమే అయినా కాగితం లేకపోతే మనం పెంచినట్టు కాదు. పైగా కోటి రూపాయల ఆటగాడు మా ఊళ్లో పుడతాడని నమ్ముకుని ఖర్చు పెట్టడం లాటరీ టిక్కెట్టు కొన్నట్టే. కనుక డబ్బు వస్తుందని చెప్పి నేను మా పెద్దనాన్నని ఒప్పించలేను. ఒప్పించకూడదు కూడా.

మరి ఏమని చెప్పాలి?

కాఫీ సంగతి చెప్తాను. మా నాన్న సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు వేసినప్పుడు నేను రెండో తరగతి. మూడేళ్లు ఒక్క గింజ రాలేదు. కలుపు తీయడమే పని. "ఈ మూడేళ్లూ చోడి చల్లుకున్నా బాగుండును" అని మా అమ్మ అనేది. నాలుగో ఏడు పండ్లు ఎర్రబడ్డాయి. ఇప్పుడు నా నోటు పుస్తకాలూ చెల్లి చెప్పులూ ఆ చెట్ల మీదే. చోడి తినడానికి కావాలి, నిజమే. ఏ ఏడు పంట ఆ ఏడు తినేదే చూసుకుంటే తోట ఎప్పటికీ లేవదు. కిరాయి ఆటగాళ్లు చోడి పంట కూడా కాదు. పక్కవాడి చేను నుంచి తెచ్చిన అప్పు గింజలు. తిన్నాక విత్తనం కూడా మిగలదు.

ఇంకొక మాట. కాఫీ మొక్కకూ పిల్లవాడికీ ఒక తేడా ఉంది. కాయని మొక్కను పీకేయవచ్చు. ఆట రాని పిల్లవాడిని ఏం చేస్తాం? అకాడమీల మీద నాకున్న భయం ఇదే. వందమంది పిల్లల్లో పెద్ద ఆటగాడయ్యేది ఒక్కడో, అదీ లేదో. మిగతావాళ్లని చదువు మాన్పించి మైదానంలో తిప్పి చివరికి పొమ్మంటే అది మోసం. కనుక పిల్లలకి ఆట నేర్పేవాళ్లు బడి పక్కనే నేర్పాలి. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు పెట్టిన స్పోర్ట్స్ విలేజ్ గురించి చదివాను. వానలే సరిగా పడని జిల్లా అది. అక్కడ ఊళ్లలో పేద పిల్లలకు, ఆడపిల్లలకు కూడా చదువుతో పాటు ఫుట్‌బాల్ నేర్పారు. అందరూ ఆటగాళ్లవ్వాలని కాదు, అందరూ ఆడాలని.

ఆడపిల్లలంటే గుర్తొచ్చింది. నిజామాబాద్ జిల్లాలో ఒక లంబాడీ తండా నుంచి గుగులోత్ సౌమ్య వచ్చింది. నిజామాబాద్‌లోనే ఆట నేర్చుకుంది. దేశం జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియా దేశంలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు ఆడటానికి వెళ్లింది. జార్ఖండ్ గుమ్లా జిల్లాలో ఆదివాసీ కుటుంబంలో పుట్టిన అష్టమ్ ఒరాన్ 2022లో 17 ఏళ్లలోపు బాలికల ప్రపంచకప్‌లో మన దేశానికి కెప్టెన్. ఆమె పేరు చెప్పి ఊరికి రోడ్డు వేస్తుంటే ఆ రోడ్డు పనికి ఆమె అమ్మానాన్నలే కూలికి వెళ్లారని పత్రికల్లో వచ్చింది. ఆ ప్రపంచకప్‌లో మన అమ్మాయిలు మూడు మ్యాచులూ ఓడిపోయారు. బ్రెజిల్ మీద 5-0. మా ఫైనల్ కూడా 5-0 కదా, నాకు కొంచెం ఓదార్పు కలిగింది. ఓడినా ఆ పిల్లలు మన పిల్లలు. అందుకే ఆ ఓటమి గురించి చదువుతుంటే బాధ కలిగింది. మా నలుగురు కిరాయి ఆటగాళ్లు గెలిపించినప్పుడు కూడా నాకు లోపల అంత ఆనందం కలగలేదు, ఎందుకో అప్పుడు తెలియలేదు.

దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు చింతచెట్టు కింద మళ్లీ మీటింగు ఉంటుంది. ఈసారి మా పెద్దనాన్నకి ఇలా చెప్తాను.

"పెద్దనాన్నా, నువ్వన్నది నిజమే. బాగా ఆడేవాడు ఎలిపోతాడు. ఎలిపోనీ. ఒకడు ఎలిపోతే పదిమంది ఉంటారు. ఆ పదిమందీ పక్క ఊరోళ్లు కారు, ఫైనల్ రోజు ఆఖరి జీపు ఎక్కిపోరు. ఎందుకంటే ఆళ్ల ఇల్లు ఇక్కడే. మనకి మిగిలేది అదే."

డబ్బు లెక్క కూడా రాసుకున్నాను. పోయినసారి కిరాయికి పోయిన 6,000 మాత్రమే అడుగుతాను. 700 చొప్పున నాలుగు బంతులు, 2,800. గాలి కొట్టే పంపు 300. మిగిలిన 2,900తో సెలవుల్లో ఆటయ్యాక పిల్లలకి శనగలూ బెల్లమూ. బూట్లు అడగను. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశం ఆటగాళ్లలో ఎక్కువమంది వట్టికాళ్లతోనే ఆడారు. ఫ్రాన్స్ మీద 2-1 తో మాత్రమే ఓడారు, అది కూడా రెండు పెనాల్టీలు పోగొట్టుకుని. నేర్పడానికి మా అన్న ఒప్పుకున్నాడు. వారంలో ఒక రోజు రహీం గారి పద్ధతిలో బలహీనమైన కాలితోనే ఆట. ఒక నోటు పుస్తకంలో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఎప్పుడు ఆడారో రాసి పెడతాను. కాగితం విలువ ఇప్పుడు తెలిసింది కదా. ఆ పుస్తకంలో మొదటి పేరు మా చెల్లిది రాస్తాను. ఎవరైనా కాదంటే, ముందు దాని ఎడమ కాలు చూసి మాట్లాడమంటాను.

ఇంతవరకూ ఊరి సంగతి రాశాను. ఇక మన సంగతి. ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

మిత్రులారా, మన హాస్టల్ జట్టు కూడా ఒక చిన్న క్లబ్బే. ప్రతి ఏడూ పదో తరగతి వాళ్లు వెళ్లిపోతారు. ఈ ఏడు మేం వెళ్లిపోతాం. జట్టులో తొమ్మిదిమందిమి మేమే. మరి వచ్చే ఏడు ఎవరు ఆడతారు? సాయంత్రం నాలుగున్నరకి గేమ్స్ గంట కొట్టగానే ఉన్న రెండు బంతులూ మేమే తీసుకుంటున్నాం. ఐదు, ఆరు తరగతుల తమ్ముళ్లు గట్టు మీద కూర్చుని చూస్తారు. బంతి గెడ్డలో పడితే, "ఒరే తే" అని వాళ్లని పంపుతాం. వానలో తడుస్తూ పోయి తెస్తారు. తెచ్చి మన చేతికి ఇచ్చి మళ్లీ కూర్చుంటారు. పోయిన వారం ఒక చిన్నవాడు బంతి తెచ్చి ఇచ్చే ముందు గెడ్డ ఒడ్డున ఎవరూ చూడకుండా రెండుసార్లు తన్నుకోవడం చూశాను. నేను దూరం నుంచి "తొందరగా తేరా" అని అరిచాను. ఆ రాత్రి స్టడీ అవర్‌లో లెక్కలు ఎక్కలేదు. ఊళ్లో చింతచెట్టు కింద లేచి పిల్లలకి నేర్పాలని పెద్దగా మాట్లాడింది నేనే. ఇక్కడ ఆ పిల్లవాడిని బంతులేరే కుర్రాణ్ణి చేసిందీ నేనే.

అందుకని మా పదో తరగతి వాళ్లం మాట్లాడుకున్నాం. మంగళవారం, శనివారం రెండు బంతులూ చిన్నవాళ్లవే. మాలో ఇద్దరం వంతులవారీగా వాళ్లకి నేర్పుతాం. ఆ రోజుల్లో మిగతావాళ్లం ఖోఖో ఆడుకుంటాం. వార్డెన్ మాస్టారికి ఒక విన్నపం. ఈ ఏడు ఆట సామాను కొనేటప్పుడు చిన్న సైజు బంతి ఒకటి కొనిపించగలరు. ఐదో తరగతి వాళ్ల కాళ్లకి పెద్ద బంతి బరువవుతోంది. అలాగే ఆ రెండు రోజులూ ప్రార్థనకి ముందు ఒక పది నిమిషాలు ఎక్కువ ఇవ్వగలరు. చదువుకి ఇబ్బంది కలిగితే ఆపేస్తామని మాట ఇస్తున్నాం.

మేం వెళ్లిపోయాక కూడా మన జట్టు ఉండాలి. వచ్చే ఏడు జోన్ పోటీల్లో ఓడినా మన తమ్ముళ్లే ఓడాలి, గెలిచినా వాళ్లే గెలవాలి.

నాకు ఇప్పటికీ ఎడమ కాలితో బంతి సరిగా పోదు. మంగళవారం చిన్నవాళ్లతో పాటు నేనూ వరసలో నిలబడి నేర్చుకుంటాను. నవ్వదలచినవాళ్లు గట్టు మీద కూర్చుని నవ్వుకోవచ్చు. అయితే బంతి గెడ్డలో పడితే మాత్రం నవ్వినవాళ్లే తేవాలి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
10వ తరగతి విద్యార్థి
ఎడమ వైపు బ్యాక్